ఉప్పునీటి ట్యాంక్‌లో కొట్లాటలు: లక్షణం చూసి కారణం పట్టుకోవడం

"అన్నా, నిన్న తెచ్చిన చేపను పాతది చంపేసేట్టుంది, ఏం చేసేది?" తిరుపతిలో ఉప్పునీటి చేపలు పెంచేవాళ్లం తక్కువమందే కాబట్టి ఈ ఫోన్లు తిరిగి తిరిగి నాకే వస్తాయి. నేను ఎదురు అడిగేది ఒకటే: ముందు ట్యాంక్‌లోకి వచ్చింది ఏది? ట్రిగ్గర్, డామ్సెల్, గ్రూపర్, లయన్ ఫిష్ లాంటివి పుట్టుకతోనే మొండివి. వాటి గుణం మనం మార్చలేం. ఏ వరసలో వదిలామో, ఎంత చోటిచ్చామో అదే మన చేతిలో ఉంది. కింద చెప్పేవన్నీ దాదాపు అక్కడికే వచ్చి ఆగుతాయి.

కొత్త చేప మూల నక్కింది, తోక చిరిగింది

ఇది నా ఇంట్లో జరిగిందే. నాలుగడుగుల పొడుగు, ఒకటిన్నర అడుగు వెడల్పు, అంతే ఎత్తు ఉన్న ట్యాంక్, అంటే 250 లీటర్ల నీళ్లు. నీళ్లు కుదురుకోవడానికి, అంటే చేపల మలినాన్ని విరిచే బ్యాక్టీరియా పెరగడానికి, ముందు ఒక గట్టి చేపను వేసుకోమని దుకాణంలో చెబితే డామినో డామ్సెల్ పిల్లను తెచ్చాను. చింతగింజంత ఉంది. నల్లటి ఒళ్లు, నుదుట ఒక తెల్లచుక్క, అటూ ఇటూ చెరొకటి. చూడముచ్చటగా ఉందని ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. నాలుగు నెలలు తిరిగేసరికి అది ఆ ట్యాంక్‌కు మునసబై కూర్చుంది. తర్వాత తెచ్చిన పికాసో ట్రిగ్గర్ దానికంటే మూడింతలు పెద్దది. అయినా రెండు రోజులు హీటర్ వెనకాల నిట్టనిలువుగా నిలబడిపోయింది. ముందుకొస్తే చాలు, డామినో వచ్చి పక్క రెక్క మీద పొడిచేది.

కారణం: డామ్సెల్ తిండి కోసమో ఆకలి కోసమో కొట్టదు, చోటు కోసం కొడుతుంది. ముందు వచ్చింది కాబట్టి ప్రతి రాయీ దానిదే.

ముందు లైటు ఆర్పండి. చీకట్లో కొట్లాట సగం తగ్గుతుంది, ఆలోచించుకోవడానికి మనకు టైం దొరుకుతుంది. తర్వాత రాళ్లన్నీ తీసి వేరే వరసలో పేర్చండి. హద్దులు చెరిగిపోతే పాతదీ కొత్తదీ ఇద్దరూ కొత్తవాళ్లే. అప్పటికీ వినకపోతే కొట్టేదాన్ని బంధించాలి. దెబ్బలు తిన్నదాన్ని తీసి దాచితే, తిరిగి వదిలిన రోజు కథ మొదటికొస్తుంది. కొట్టేదాన్నే చిల్లులున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి వారం, పది రోజులు అదే ట్యాంక్‌లో వేలాడదీస్తే, బయట ఉన్నది ఈలోగా తన మూల తాను చూసుకుంటుంది.

పట్టుకోవడం ఎలా? వలతో తరిమితే రాళ్లు కూలతాయి గానీ డామ్సెల్ దొరకదు. రెండు లీటర్ల నీళ్ల బాటిల్ మెడ కోసి, తలకిందులుగా లోపలికి దూర్చి, అడుగున రొయ్య ముక్క వేసి పడుకోబెట్టండి. పగలంతా వాసన చూస్తూ చుట్టూ తిరిగిన నా డామినో సాయంత్రానికి దూరింది. బయటికి రావడం దానికి తెలియలేదు.

ఇంకొక మాట, నీళ్లు కుదురుకోవడానికి చేప అక్కర్లేదు. ఒక రొయ్య ముక్క కుళ్లనిచ్చి, అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చేదాకా ఆగండి. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ తర్వాత సాధువైన చేపలు ముందు, మొండివి ఆఖర్న.

ఏడాదిగా కలిసున్నవి ఉన్నట్టుండి కొట్టుకుంటున్నాయి

టేపు తెచ్చి చేపను కొలవండి. దుకాణంలో మూడంగుళాలున్న నైజర్ ట్రిగ్గర్ ఇంట్లోనే అడుగు దాకా పెరుగుతుంది. పికాసో కూడా అంతే. క్లౌన్ ట్రిగ్గర్ అడుగున్నర దాటుతుంది. తెల్లటి ఒంటి మీద నల్లచుక్కలతో గంతులేసే పాంథర్ గ్రూపర్ పిల్ల పెద్దయితే రెండడుగుల పైనే. నాలుగడుగుల ట్యాంక్‌లో ఇది ఎటు తిరిగినా ఎవరో ఒకరి మొహానికి తగులుతుంది. ఇల్లు ఇరుకటం, ఆలి మర్కటం అన్నట్టే. పెద్ద ట్రిగ్గర్‌కు 6 అడుగుల పొడుగు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు, అంటే 680 లీటర్ల దాకా కావాలి. అంత బరువు మేడ మీద పెట్టాలనుకుంటే మేస్త్రీని అడిగి పెట్టండి.

ట్యాంక్ పెద్దదే అయినా కొట్టుకుంటుంటే తిండి సంగతి చూడండి. ట్రిగ్గర్‌కు రోజుకు రెండుసార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. దాని పళ్లు పెరుగుతూనే ఉంటాయి కాబట్టి వారంలో రెండు రోజులైనా పెంకు తీయని రొయ్య, ఆల్చిప్ప లాంటివి కొరకనివ్వాలి. నెత్తళ్లు చవగ్గా దొరుకుతాయని రోజూ అవే వేయకండి. వాటిలో బి1 విటమిన్‌ను నాశనం చేసే ఎంజైమ్ ఉంటుంది.

ట్రిగ్గర్ రాతి సందులో దూరి రాకపోతే లాగొద్దు. వీపు మీది మొదటి ముల్లును నిలబెట్టి గొళ్లెం పెట్టుకున్నట్టు బిగించుకుంటుంది. వెనకనున్న రెండో చిన్న ముల్లు నొక్కితేనే అది పడుతుంది. దానికి ఆ పేరు అందుకే వచ్చింది. పైకెత్తితే గుర్రుమంటుంది కూడా, భయపడొద్దు.

చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి

దీన్ని కొట్లాటతో కలిపి చూడకండి. ఇది మన ఊరి ఎండ పని. ఏప్రిల్, మేలో బయట 40 డిగ్రీలు దాటినప్పుడు గదిలోని నీళ్లు 31, 32కు పోతాయి. ఉండాల్సింది 25, 26. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకేమో ఇంకా ఎక్కువ కావాల్సి వస్తుంది. అదే సమయానికి కరెంటు పోతే గంటల్లోనే ప్రమాదం. గ్రూపర్, ట్రిగ్గర్ లాంటి పెద్ద చేపలే ముందు పోతాయి.

నీళ్లను చల్లబరిచే చిల్లర్ పెట్టుకోగలిగితే పెట్టుకోండి. లేకుంటే నీటి మట్టం మీదికి గాలి తగిలేలా చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. దాంతో నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం లోపలే ఉండిపోతుంది. తగ్గిన మేరకు ఆర్ఓ మంచినీళ్లే పోయాలి, ఉప్పు కలిపినవి పోయకూడదు. ఉప్పు సాంద్రత 1.025 దగ్గర నిలవాలి. బోరు నీళ్లు వద్దే వద్దు. క్యాన్ నీళ్లయినా, నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ పెన్‌తో చూసుకుని పోయండి. కరెంటు లేనప్పుడు బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండాల్సిందే. ఇన్వర్టర్ మీద టీవీ లేకపోయినా ఫర్వాలేదు, ట్యాంక్ మోటారు ఉండాలి.

చేప ఒకటి కనిపించడం లేదు

గ్రూపర్, లయన్ ఫిష్ నోరు ఎంత తెరుచుకుంటుందో చూస్తే నమ్మబుద్ధి కాదు. నోట్లో పట్టేది ఏదైనా తిండే. పాములా పొడుగ్గా ఉండే స్నోఫ్లేక్ ఈల్ మిగతా చేపల జోలికి పెద్దగా పోదు గానీ పీతనూ రొయ్యనూ వదలదు. మాయమైంది ఈలే అయితే మంచం కింద వెతకండి. వైరు పోయేంత సందున్నా బయటికి జారుతుంది. మూత మీద బరువు పెట్టండి.

రాళ్ల కింద చచ్చి ఉంటే అమోనియా పెరుగుతుంది. కనిపించని రోజే టెస్ట్ చేసి, పావు వంతు నీళ్లు మార్చండి.

లయన్ ఫిష్ తినడం లేదు

బతికున్న చేపలనే తినడం అలవాటైంది దానికి. గోల్డ్ ఫిష్ కొని వేయడం చూస్తుంటాను, అది చెరుపే. కొవ్వు పట్టి కాలేయం పాడవుతుంది. సన్నటి కడ్డీకి రొయ్య ముక్క గుచ్చి, దాని ముక్కు ముందు వణికించండి. రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి. అలవాటయ్యాక వారానికి రెండు మూడు సార్లు చాలు. ట్రిగ్గర్ ఉన్న ట్యాంక్‌లో లయన్ ఫిష్‌ను వేయకండి, ఆ పొడుగు రెక్కలను అది కొరక్కుండా ఉండలేదు.

లయన్ ఫిష్ విషపు ముల్లు గుచ్చుకుంటే చేతిని 43 నుంచి 45 డిగ్రీల వేడినీళ్లలో అరగంట నుంచి గంటన్నర ఉంచాలి. విషం వేడికి చెడుతుంది. ముందు రెండో చేత్తో వేడి చూసుకోండి, నొప్పిలో కాలుతున్నట్టు తెలియదు. ఊపిరాడకపోయినా తల తిరిగినా ఆగకుండా రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో పోండి.

ఒంటి మీద ఉప్పు చల్లినట్టు చుక్కలు

చెన్నై కొళత్తూర్ చేపల మార్కెట్ నుంచి తెచ్చి, కొన్నాళ్లు వేరుగా ఉంచకుండా నేరుగా వదిలారు కదా! దెబ్బలు తిని నీరసించిన చేపకు ఈ పరాన్నజీవి ముందు అంటుతుంది. చేపలన్నిటినీ వేరే తొట్టిలోకి మార్చి, రాగి మందును టెస్ట్ కిట్‌తో కొలుస్తూ వేయండి. ఈల్‌కు మాత్రం రాగి పడదు. అసలు ట్యాంక్‌ను 76 రోజులు చేప లేకుండా ఖాళీగా నడపాలి. విసుగే, కానీ దగ్గరి దారి లేదు.

ట్యాంక్‌కు మించి పెరిగింది

దుకాణానికి తిరిగి ఇవ్వండి, లేదా పెద్ద ట్యాంక్ ఉన్నవాళ్లకు ఇవ్వండి. సముద్రంలో వదలొద్దు. 1985లో ఫ్లోరిడా తీరంలో మొదటిసారి కనిపించిన లయన్ ఫిష్ ఇప్పుడు కరీబియన్ అంతా పాకింది. అసలు కొనేటప్పుడే పసుపూ నలుపూ మచ్చలున్న పెద్ద జాతి గ్రూపర్ పిల్లను చూస్తే పక్కకు తప్పుకోండి. అది జెయింట్ గ్రూపర్ కావచ్చు, దాన్ని 2001లో వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి చేర్చారు.

నా డామినోకు మాత్రం ఎవరూ దొరకలేదు. మూడడుగుల ట్యాంక్‌లో ఒంటరిగా ఉంది. అద్దం తుడవడానికి చెయ్యి పెడితే ఇప్పటికీ వచ్చి చిటికెన వేలినే వెతుక్కుని పొడుస్తుంది.