వారానికి ఒక గంట: మీ ఊరి వికలాంగులతో స్నేహం చేయడం ఎలా

డిసెంబరు 3న, అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం పేరుతో, పండ్లూ దుప్పట్లూ పంచి ఫొటో దిగి వచ్చేవారికి మన ఊళ్లలో కొదవ లేదు. మర్నాడు మళ్లీ ఆ గుమ్మం ఎక్కేవారే అరుదు. పింఛను, బస్‌పాస్ రాయితీ ప్రభుత్వం ఇస్తుంది గానీ, సాయంత్రం పూట కూర్చుని క్రికెట్ స్కోరు మీద వాదించడానికి ఒక మనిషిని మాత్రం ఏ కార్యాలయమూ మంజూరు చేయదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అంతకుముందున్న 7 రకాల వైకల్యాలను 21కి పెంచింది కనుక, తలసీమియా, పార్కిన్సన్స్ వంటి బయటికి అంతగా కనిపించనివి కూడా ఇప్పుడు ఆ జాబితాలో ఉన్నాయి. అంటే మీరు వెతుకుతున్న మనిషి మీ వీధిలోనే ఉండవచ్చు.

పరిచయం కావడానికి నేరుగా తలుపు తట్టడం కన్నా మధ్యలో ఒక తెలిసిన మనిషి ఉండడం మేలు. మండల కేంద్రంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రం ఉంటే, అక్కడి ఉపాధ్యాయులకు బడికి రాలేని పిల్లల ఇళ్లు కూడా తెలుసు. పెద్దవారి విషయంలో స్థానిక వికలాంగుల సంఘం గానీ, గ్రామ సచివాలయం లేదా పంచాయతీ సిబ్బంది గానీ దారి చూపగలరు. అయితే వారి దగ్గర పేర్ల జాబితా అడగకండి. మీ పేరు, ఫోన్ నంబరు ఇచ్చి, ఇష్టమైన కుటుంబమే మీకు కబురు చేసేలా చూడమనండి. మీ ఆధార్ నకలు చూపమని ఎవరైనా అడిగితే నొచ్చుకోవద్దు, అడగడమే సరైన పద్ధతి. పిల్లలతోనైతే తల్లిదండ్రులు ఇంట్లో ఉన్నప్పుడే, వారి కళ్లెదుటే గడపాలి. ఈ నియమానికి మినహాయింపు లేదు.

మొదటి రోజు అన్నిటికన్నా ముఖ్యమైనది పిలుపు. మన ఇళ్లలో నలభై ఏళ్ల మనిషిని సైతం, కాలు లేదనో బుద్ధి ఎదగలేదనో, వచ్చినవారంతా ‘నువ్వు’ అనేస్తారు. అతడి ఎదుటే ‘వీడు ఏం తింటాడమ్మా?’ అని తల్లిని అడుగుతారు. అదే వయసున్న మరొకరిని ఎలా పిలుస్తారో ఇతడినీ అలాగే పిలవండి: మీరు, గారు, అన్నా, అక్కా, వరస ఏదైతే అది. ఏమి తింటారో ఆయననే అడగండి. ‘అయ్యో పాపం’ అన్న మాట నోటిదాకా వస్తే మింగేయండి. ఇంక దివ్యాంగులనాలా, వికలాంగులనాలా అన్న చర్చ కాగితాల మీద నడుస్తూనే ఉంటుంది, ఎదురుగా ఉన్న మనిషికి ఏది నచ్చితే అదే సరైన మాట.

చూపులేని వారితో నడవడం నేర్చుకోవలసిన విద్య. చెయ్యి పట్టుకుని లాగకూడదు, వెనక నుంచి నెట్టకూడదు. మీ మోచేతిని ఆయన చేతికి తాకిస్తే ఆయనే దాని పైభాగాన్ని పట్టుకుంటారు. మీరు అర అడుగు ముందు నడుస్తారు కనుక మీ శరీరం ఎటు తిరిగితే ఆయనకు అటు తెలుస్తుంది. మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగి, ఎక్కేవో దిగేవో చెప్పండి. ఇరుకు సందులో మీ చేతిని వీపు వెనక్కి తీసుకుంటే, మాట చెప్పకుండానే ఆయన మీ వెనక్కి వస్తారు. బస్సు ఎక్కేటప్పుడు జబ్బ పట్టి ఎత్తవద్దు, ఆయన చేతిని తలుపు పక్కనున్న కడ్డీ మీద ఉంచితే చాలు.

ఇందులో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. చూపు పోయిన ఒక రిటైర్డు మాస్టారిని బస్టాండుకు తీసుకెళ్లి, ‘ఇక్కడే ఉండండి, నీళ్ల సీసా తెస్తాను’ అని ప్లాట్‌ఫాం నడిమధ్యన నిలబెట్టి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి జనం ఆయనను రాసుకుంటూ పోతున్నారు, ఆయన ఒక చెయ్యి గాలిలో చాచి దేనికోసమో తడుముతున్నారు. కోప్పడలేదు. ‘ఈసారి నన్ను ఏ స్తంభానికైనా అప్పజెప్పి వెళ్లండి’ అన్నారు. అప్పటినుంచి గోడో, కుర్చీ వీపో చేతికి తగిలేలా చూసిన తరవాతే నేను కదులుతాను. టీ ఇచ్చేటప్పుడు కూడా అంతే: గ్లాసును బల్ల మీద పెట్టి, ‘మీ కుడి చేతి వైపు, గడియారంలో మూడు ఉన్నచోట’ అని చెబితే ఆయన వేళ్లు బల్ల అంచు వెంట జరుగుతూ వెళ్లి, వేడిని పసిగట్టి, గ్లాసు అంచును అందుకుంటాయి. గదిలోంచి మీరు బయటికి వెళ్తున్నా చెప్పి వెళ్లాలి, లేకపోతే ఆయన ఖాళీ కుర్చీతో మాట్లాడుతూ ఉంటారు.

వీల్‌చైర్ వాడేవారి విషయంలో అడగకుండా కుర్చీని తాకకండి, అది ఆయన ఒంట్లో భాగం లాంటిది. టిఫిన్ హోటలుకు వెళ్దామనుకుంటే ముందురోజే మీరొక్కరే వెళ్లి గుమ్మానికి ఎన్ని మెట్లున్నాయో, బాత్రూం తలుపు ఎంత వెడల్పుందో చూసి రండి. బాగా వాలుగా ఉన్న చోట కుర్చీని వెనక్కి తిప్పి దించాలి. వినికిడి లేని వారి ఎదుట వెలుతురు మీ ముఖం మీద పడేలా కూర్చోండి, అరవవద్దు, కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 10,000 పదాలతో వీడియో నిఘంటువు తెచ్చింది. వారానికి పది సంజ్ఞలు నేర్చుకుని వెళ్లి, తప్పుగా చేసి నవ్వించినా మంచిదే.

మేధోవైకల్యం ఉన్నవారికి మీరు వచ్చే వేళే సగం స్నేహం. ఆదివారం అయిదింటికి అని చెప్పినవారు ఆరింటికి వస్తే, ఆ గంటా అవతలి మనిషి గేటు దగ్గరే నిలబడి ఉంటాడు. కుదరని రోజున ముందే ఫోన్ చేయండి. ఒకేసారి ఒక్క మాటే చెప్పండి, జవాబు వచ్చేదాకా ఆగండి, మీరే వాక్యం పూర్తి చేయకండి. క్యారమ్స్ ఆడితే కావాలని ఓడిపోవద్దు, అది వారికి తెలిసిపోతుంది.

సదరం క్యాంపు (వైకల్య ధ్రువపత్రం కోసం జరిపే వైద్య పరీక్షల శిబిరం) స్లాటు, బస్‌పాస్ కాగితాలు వంటి పనులు మీ చేతికి వస్తూనే ఉంటాయి. ఒకటి రెండుసార్లు చేయండి, ఆ తరవాత వారి పక్కన కూర్చుని వారిచేతనే చేయించండి. పింఛను సొమ్ము, ఏటీఎం పిన్ను మాత్రం ఎంత నమ్మకం ఉన్నా ముట్టుకోకండి. అప్పు ఇవ్వవద్దు, పుచ్చుకోవద్దు. ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాలంటే ముందు అడగాలి. నన్నడిగితే అసలు పెట్టకపోవడమే మంచిది. ఒంటి మీద దెబ్బల గుర్తులో, తిండి పెట్టని సూచనలో కనిపిస్తే మీరే పోట్లాటకు దిగకుండా, మిమ్మల్ని పరిచయం చేసిన ఉపాధ్యాయుడికో సంఘానికో అదేరోజు చెప్పండి. ప్రాణాపాయం అనిపిస్తే మాత్రం 112కు ఫోన్ చేయండి.

ఉద్యోగం మారి ఊరు విడిచి వెళ్లవలసి వస్తే నెల ముందే చెప్పండి. మీ స్థానంలో రాదలచిన వారిని చివరి రెండు ఆదివారాలు వెంటబెట్టుకుని వెళ్లండి. మొదటిసారి మీరు మాట్లాడుతుంటే వారు వింటారు, రెండోసారి వారు మాట్లాడుతుంటే మీరు టీ గ్లాసులు కడగవచ్చు.