ఆయిల్ మార్చినా బెంజ్ గేరు సెకండ్‌లోనే ఆగిపోతుంటే: సమస్య - పరిష్కారం

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న మెర్సిడెస్ బెంజ్ డబ్ల్యూ203 సి-క్లాస్ గానీ, డబ్ల్యూ211 ఈ-క్లాస్ నాలుగు సిలిండర్ల బండి గానీ నా దగ్గరికి వచ్చిందంటే, దాంతోపాటు వచ్చే మాట ఒకటుంటుంది: "గేర్‌బాక్స్ దింపాలన్నారన్నా." ఇలా వచ్చిన బండ్లలో ఎక్కువ వాటికి నేను గేర్‌బాక్స్ దింపలేదు. ఆ అవసరం రాలేదు. వీటిలో ఉండేది 722.6 ఫైవ్‌స్పీడ్ ఆటోమేటిక్. 1996 నుంచి వాడకంలో ఉంది, గట్టి గేర్‌బాక్స్. కింద రాసిందంతా దాని గురించే. సెవెన్‌స్పీడ్ 722.9లో లెవెల్ చూసే పద్ధతి, గేర్లని నడిపించే కంప్యూటర్, అంటే కంట్రోల్ యూనిట్, ఉండే చోటు రెండూ వేరు. ఇది చదివి దాని మీద చెయ్యి పెట్టకండి.

ఆయిల్ మార్చాక గేరు స్లిప్ అవుతోంది, డి (డ్రైవ్) వేస్తే బండి ఆలస్యంగా కదులుతోంది

లెవెల్ చూశారా? నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. "ఎంత దించామో అంతే పోశాం" అంటారు. దించిన ఆయిలే తక్కువైతే, పోసింది కూడా తక్కువే కదా. పాతది ఎక్కడో లీకై తగ్గి ఉంటే, ఆ లోటును మళ్ళీ కొలిచి మరీ నింపినట్టే.

ఈ గేర్‌బాక్స్‌కి డిప్‌స్టిక్ ఉండదు. ఆయిల్ పోసే గొట్టం మాత్రం ఉంటుంది. దాని మూతకి ఎర్ర ప్లాస్టిక్ పిన్నుతో తాళం వేసి ఉంటుంది. అది చూసి "సీల్డ్ బాక్స్, ముట్టుకోకూడదు" అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కంపెనీ మొదట్లో జీవితకాలపు ఆయిల్ అన్న మాట నిజమే. తర్వాత తానే 60,000 కిలోమీటర్ల దగ్గర మార్చమని సవరించుకుంది. కొలిచే కడ్డీ విడిగా దొరుకుతుంది. దాని మీద 25 డిగ్రీలకి ఒక గీత, 80 డిగ్రీలకి ఒక గీత ఉంటాయి. చల్లటి గీత దగ్గర చూసేది ఇంజిన్ స్టార్ట్ చేశాక అంచనా కోసమే. అసలు కొలత 80 డిగ్రీల దగ్గరే: బండి చదునైన నేల మీద, ఇంజిన్ ఐడిల్‌లో, గేర్ లివర్ పి (పార్కింగ్)లో ఉండాలి.

ఇక్కడే చాలామంది మోసపోతారు. స్కానర్‌లో కనిపించే గేర్ ఆయిల్ వేడి, లివర్ పి లేదా ఎన్ (న్యూట్రల్)లో ఉన్నప్పుడు నిజమైనది కాదు. ఆ రెండు స్థానాల్లో సెన్సార్ లైన్ తెగి ఉంటుంది, కంట్రోల్ యూనిట్ ఇంజిన్ వేడినే చూపిస్తుంది. ఇంజిన్ 80కి చేరేసరికి గేర్ ఆయిల్ ఇంకా 50 దగ్గరే ఉండొచ్చు. బ్రేక్ నొక్కి పట్టుకుని డిలో పెట్టి వేడి చదవండి, తర్వాత పికి వచ్చి కడ్డీ దించండి. చల్లగా ఉన్నప్పుడు వేడి గీత దాకా నింపేస్తే, వేడెక్కాక ఆయిల్ ఉబ్బి, తిరిగే భాగాలకి తగిలి నురగ కడుతుంది. ఆ నురగ పంపులోకి వెళ్ళినా గేరు స్లిప్ అవుతుంది. తక్కువ, ఎక్కువ రెండింటికీ లక్షణం ఒకటే కాబట్టి "ఇంకో అర లీటరు పోద్దాం" అని ఊహతో పోయకండి.

ఆయిల్ గురించి ఒక్కమాటే: డబ్బా మీద మెర్సిడెస్ 236.14 అప్రూవల్ ఉండాలి. నీలం రంగులో వచ్చే 236.15 కొత్త సెవెన్‌స్పీడ్‌కి, దీనికి కాదు. మిగతా పని మీకు తెలిసిందే. ఫిల్టర్, చాంబర్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పళ్ళెం) గ్యాస్కెట్ కొత్తవి వేయండి, చాంబర్ బోల్టులు 8 న్యూటన్ మీటర్లకి మించొద్దు, అయస్కాంతం శుభ్రంగా తుడవండి. దాని మీద బూడిదలాంటి మెత్తటి నుసి మామూలే. చేతికి గుచ్చుకునే ముక్కలుంటే మాత్రం ఆగి ఆలోచించాలి.

ఆయిల్, ఫిల్టర్ అన్నీ మార్చారు, అయినా బండి సెకండ్ గేర్‌లో ఇరుక్కుంటోంది

ఇది లింప్ మోడ్, అంటే లోపం కనిపించగానే కంట్రోల్ యూనిట్ బండిని ఒకే గేర్‌లో ఉంచేయడం. అరవై దాటితే ఇంజిన్ అరుస్తుంది. పక్కకి ఆపి, ఆఫ్ చేసి, మళ్ళీ స్టార్ట్ చేస్తే మామూలుగా నడుస్తుంది. స్కానర్ పెడితే స్పీడ్ సెన్సార్ ఎన్2 లేదా ఎన్3 కోడ్ వస్తుంది. ఆ సెన్సార్లు గేర్‌బాక్స్ లోపల కండక్టర్ ప్లేటు అనే కరెంటు పలక మీద ఉంటాయి కాబట్టి అందరూ ప్లేటు మార్చమంటారు. ఒకప్పుడు నేనూ అలాగే చెప్పేవాణ్ణి.

ఖమ్మం నుంచి ఒక సి-క్లాస్ వచ్చింది. దాని యజమాని విజయవాడ హైవే మీద రెండుసార్లు ఇరుక్కుపోయి, ఇంట్లోవాళ్ళని ఎక్కించుకోవడానికే భయపడుతున్నాడు. ఆయిల్, ఫిల్టర్, కండక్టర్ ప్లేటు మార్చి పంపాను. మూడు వారాలు బాగానే నడిచి, మళ్ళీ అదే కోడ్‌తో వచ్చింది. కోడ్ చెరిపి, వైర్లు కదిపి చూసి పంపాను. పది రోజులకి మళ్ళీ వచ్చింది. ఆ రోజు ముందు సీటు దగ్గర కార్పెట్ ఎత్తి, కంట్రోల్ యూనిట్ కనెక్టర్ ఊడదీశాను. పిన్నులన్నీ తడిగా మెరుస్తున్నాయి. వేలు పెడితే ఎర్రగా అంటుకుంది. గేర్‌బాక్స్‌లో ఉండాల్సిన ఆయిల్ కారు లోపల, కార్పెట్ కింద ఉంది.

అది అక్కడిదాకా ఎలా వచ్చింది? గేర్‌బాక్స్ కుడి పక్కన, చాంబర్‌కి కాస్త పైన పదమూడు పిన్నుల కనెక్టర్ ఉంటుంది. లోపలి ప్లేటుకి, బయటి వైరింగ్‌కి మధ్య ఒక ప్లాస్టిక్ బుష్, దానికి రెండు ఓ-రింగులు. ఏళ్ళ తరబడి వేడికి ఆ రింగులు గట్టిపడి, ఆయిల్‌ని ఆపలేవు. కనెక్టర్‌లోకి చేరిన ఆయిల్ రాగి తీగల పోగుల వెంట, దీపం వత్తి నూనె పీల్చుకున్నట్టు, నెమ్మదిగా పైకి ఎక్కుతుంది. కంట్రోల్ యూనిట్ దాకా వెళ్ళి పిన్నుల మధ్య చేరుతుంది, సంకేతాలు తప్పుతాయి. ప్లేటు బాగానే ఉన్నా కోడ్ ప్లేటుదే వస్తుంది. మూడు వారాలు నడిచిందంటే ప్లేటు వల్ల కాదు, పని చేసేటప్పుడు కనెక్టర్ ఊడదీసి తుడిచాం కాబట్టి.

ఇంకో పక్క, అదే ఆయిల్ చాంబర్ అంచు వెంట కింద కారుతుంది. కింద నుంచి చూసినవాళ్ళు గ్యాస్కెట్ లీకనుకుని గ్యాస్కెట్ మారుస్తారు. రెండు నెలల్లో మళ్ళీ తడి. చాంబర్ మీద కుడి పక్కే తడిగా ఉంటే, ముందు పైకి చూడండి.

సరిచేయడం కష్టం కాదు, చాంబర్ దించక్కర్లేదు. బ్యాటరీ మైనస్ తీసేయండి. కనెక్టర్ మీది రేకు తొలగించి, కనెక్టర్ చుట్టూ ఉన్న రింగుని అపసవ్యంగా తిప్పితే కనెక్టర్ ఊడి వస్తుంది. మధ్యలో 7 మిల్లీమీటర్ల బోల్టు కనిపిస్తుంది. అది విప్పి బుష్‌ని తిన్నగా లాగండి. కొద్దిగా ఆయిల్ కారుతుంది, కింద డబ్బా పెట్టుకోండి. కొత్త బుష్ ఓ-రింగులకి ఇదే ఆయిల్ రాసి, పక్కకి వంగకుండా నెట్టండి. ఆ బోల్టు ప్లాస్టిక్‌ని పట్టుకుని ఉంటుంది, బిగుతుగా అనిపించగానే ఆపేయండి. తర్వాత రెండు చివర్లా, అంటే గేర్‌బాక్స్ దగ్గరా కంట్రోల్ యూనిట్ దగ్గరా, కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి బాగా ఆరనివ్వండి. యూనిట్ మోడల్‌ని బట్టి కార్పెట్ కింద గానీ, బానెట్ కింద బాక్సులో గానీ ఉంటుంది.

ఇక్కడితో అయిపోయిందనుకోకండి. వైరులో మిగిలిన ఆయిల్ ఇంకా కొన్నాళ్ళు ఊరుతూనే ఉంటుంది. రెండు వారాలకి మళ్ళీ ఊడదీసి తుడవాలి, పిన్నులు పొడిగా కనిపించేదాకా. యూనిట్ పోయిందని తొందరపడి పాత బండిది తెచ్చి బిగించకండి, దాన్ని మీ బండికి కోడింగ్ చేయాలి. కడిగితేనే బాగయినవి నేను ఎన్నో చూశాను. ఖమ్మం ఆయన బండి కూడా అలాగే బాగైంది. ప్లేటు డబ్బు ఆయనకి తిరిగి ఇచ్చేశాను, ఆ ప్లేటు అవసరం లేదు కాబట్టి. అప్పటి నుంచి ఆయిల్ మార్చే ప్రతి 722.6కి ఫిల్టర్‌తో పాటు ఈ బుష్ కూడా మార్చేస్తున్నాను. మిగతా ఖర్చుతో పోలిస్తే అది ఎంతో కాదు.

మిగతావి

యాభై నుంచి ఎనభై వేగంలో, యాక్సిలరేటర్ తేలికగా నొక్కినప్పుడు, గరుకు రోడ్డు మీద వెళ్తున్నట్టు వణుకుతుంటే తప్పు ఆయిలైనా పోసి ఉండాలి, రేడియేటర్ లోపలి కూలర్ చిట్లి కూలంట్ అయినా కలిసి ఉండాలి. ఆయిల్ స్ట్రాబెర్రీ పాలలా గులాబీ రంగులో కనిపిస్తే రెండోదే. రేడియేటర్ మార్చకుండా కొత్త ఆయిల్ పోసి లాభం లేదు. బ్యాటరీ బలహీనంగా ఉన్నా లింప్ మోడ్ వస్తుంది, మీటర్ పెట్టి చూడండి. సోలెనాయిడ్లు, వాల్వ్ బాడీ (ఆయిల్ ఒత్తిడితో గేర్లు మార్చే భాగాలు), పంపు పాడవడం అరుదు. పైవన్నీ తేలాకే వాటి దాకా వెళ్ళండి.

ఈ బండి కొనబోతున్నవాళ్ళయితే బేరం కుదరకముందే కంట్రోల్ యూనిట్ ఎక్కడుందో కనుక్కుని, అమ్మేవాళ్ళని అడిగి ఆ కనెక్టర్ ఊడదీసి చూడండి. తెల్ల కాగితం ముక్క పిన్నుల మీద ఒత్తితే ఎర్ర మరక పడుతుందో లేదో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.