కిటికీ వెలుగులో పెళ్లికూతురి ఫొటో ఎలా తీయాలి?

పెళ్లికూతురు ముస్తాబయ్యే గదిలో ఒక్క మంచి కిటికీ ఉంటే ఫ్లాష్‌తో పనిలేదు. చాలామంది ముందు కెమెరా సెట్టింగులతో కుస్తీ పడతారు. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఆమె ఎక్కడ నిలబడాలి, ముఖం ఎటు తిప్పాలి అన్నది. నా దృష్టిలో సగం పైగా పని అక్కడే అయిపోతుంది.

మొదట కిటికీ చూసుకోండి. పెద్ద కిటికీకి దగ్గరగా నిలబడితే నీడల అంచులు మెత్తబడతాయి, చర్మం నునుపుగా కనిపిస్తుంది. ఎండ నేరుగా పడుతుంటే ముక్కు పక్కన, కళ్ల కింద గట్టి నీడలు వస్తాయి. అలాంటప్పుడు పల్చటి తెల్ల కర్టెన్ అడ్డం వేయండి. రంగు కర్టెన్ మాత్రం వద్దు, ఆ రంగే ముఖానికీ అంటుకుంటుంది.

తర్వాత గదిలో లైట్లన్నీ ఆపేయండి. దీన్ని దాటవేయకండి. వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు. పసుపు బల్బుల వెలుగు 3000 కెల్విన్ దగ్గర ఉంటుంది, పగటి వెలుగు 5500 దగ్గర. రెండూ కలిస్తే ఒక చెంప పసుపుగా, రెండోది నీలంగా వస్తుంది. వైట్ బ్యాలెన్స్, అంటే కెమెరాలో రంగులను సరిదిద్దే సెట్టింగు, ఏదో ఒకదాన్నే సరిచేయగలదు. మేకప్ ఇంకా నడుస్తుంటే అది అయ్యేదాకా ఆగండి.

ఇక అసలు పని. ఆమెను కిటికీకి మూడు నుంచి ఐదడుగుల దూరంలో నిలబెట్టండి. ముఖం పూర్తిగా కిటికీ వైపే ఉంటే నీడలు పోయి చదునుగా కనిపిస్తుంది. పూర్తిగా పక్కకు ఉంటే సగం ముఖం చీకట్లోకి పోతుంది. కిటికీకి పక్కగా నిలబెట్టి, తల మెల్లగా వెలుగు వైపు తిప్పమనండి. మీరు మాత్రం నీడపడ్డ చెంపనే చూస్తూ ఉండండి. ఆ కంటి కింద చిన్న త్రికోణం ఆకారంలో వెలుగు పడగానే ఆగమనండి. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ చిత్రాల్లో తరచూ కనిపించే వెలుగు ఇదే, అందుకే దీనికి ఆయన పేరే పెట్టారు. ఆ తర్వాత కళ్లు చూడండి. నల్లగుడ్డులో కిటికీ తెల్లటి మెరుపులా కనిపించాలి. లేకపోతే గడ్డం కాస్త ఎత్తమనండి. ఈ మెరుపు లేని ఫొటోలో ఎంత మంచి నవ్వైనా జీవం తగ్గినట్టు ఉంటుంది.

మీరు కిటికీకి అడ్డు రాకుండా గోడవారగా నిలబడండి. ఆమె వెనక గోడ ఎంత దూరంగా ఉంటే అంత చీకటి పడుతుంది, ఎందుకంటే కిటికీ నుంచి లోపలికి వెళ్లేకొద్దీ వెలుగు త్వరగా తగ్గిపోతుంది. చిందరవందరగా ఉన్న గదిని దాచడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

సెట్టింగులకు ఎఫ్/2.8 (లెన్స్ ఎంత తెరుచుకోవాలో), షట్టర్ (ఎంతసేపు తెరిచి ఉండాలో) సెకనులో 1/200వ వంతు, ఐఎస్ఓ (కెమెరా వెలుగుకు ఎంతగా స్పందించాలో) 800తో మొదలుపెట్టి వెలుగును బట్టి మార్చుకోండి. ఫోకస్ కెమెరాకు దగ్గరగా ఉన్న కంటి మీద ఉండాలి. తెల్ల బట్టలు ఫ్రేమ్ నిండా ఉంటే కెమెరా వాటిని బూడిద రంగుగా చూపిస్తుంది, అప్పుడు ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకు అందే వెలుగు, కొంచెం పెంచాలి. కిటికీ ఆమె వెనకే ఉన్నప్పుడు ముఖం నల్లబడుతుంది, అక్కడా ఒకటి రెండు స్టాపులు పెంచండి (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు). అయితే కిటికీ వైపున్న బట్టల మీద కుట్టుపని, మడతలు తెల్లగా పాలిపోతున్నాయేమో స్క్రీన్ మీద జూమ్ చేసి చూసుకోండి. పోయిన ఆ వివరాలను తర్వాత తెచ్చుకోవడం కష్టం. రా ఫైల్లో (కెమెరా మెరుగులు దిద్దకుండా దాచే ఫైలు) తీస్తే కొంత వెసులుబాటు ఉంటుంది. ఫోన్‌తో తీసేవాళ్లు ముఖం మీద నొక్కి పట్టుకుని, వెలుగు కాస్త తగ్గిస్తే సరిపోతుంది.

నీడ మరీ ఎక్కువనిపిస్తే ఆ వైపు తెల్ల దుప్పటో అట్టో పట్టుకోమని ఎవరినైనా అడగండి. దగ్గరికి తెచ్చేకొద్దీ నీడ తేలికవుతుంది. నీడ మొత్తం పోనివ్వకండి, ముఖానికి రూపం వచ్చేది దానివల్లే.

మబ్బు కమ్మితే వెలుగు ఒక్కసారిగా పడిపోతుంది. అప్పుడు ఐఎస్ఓ పెంచండి, షట్టర్ మాత్రం 1/125 కన్నా నెమ్మదించకండి.