ట్యూబ్ ఆంప్ పెడల్‌లో స్వరం తెగిపోతుంటే: నా అనుభవం

ఫెండర్ ట్వీడ్ డీలక్స్ 5ఇ3 అనే పాత ట్యూబ్ గిటార్ ఆంప్ తరహా సౌండ్ కోసం జె201 జెఫెట్లతో (ఒక రకం ట్రాన్సిస్టర్లు) గిటార్ పెడల్ కట్టుకున్నాను. తీగ మీటగానే స్వరం బాగానే వస్తుంది, రెండు క్షణాల్లో బుర్రుమంటూ తెగిపోతుంది. అడాప్టర్, కేబుల్, కెపాసిటర్లు మార్చినా, టంకం మళ్ళీ వేసినా లాభం లేకపోయింది. మా విశాఖ ఉప్పుగాలికి బోర్డు రాగి నల్లబడిందేమోనని దాన్నీ రుద్దాను.

చివరికి పనిచేసింది ఇదీ. గిటార్ తీసేసి 9 వోల్టులు ఇచ్చాను. మల్టీమీటర్ నల్ల ప్రోబ్ గ్రౌండ్‌కి, ఎర్రది మొదటి జెఫెట్ డ్రెయిన్‌కి (సిగ్నల్ బయటికొచ్చే కాలు) పెడితే 1.3 వోల్టులే. ట్యూబ్‌లో ప్లేట్ చేసే పని ఇక్కడ డ్రెయిన్‌ది. అది సప్లైలో సగం దగ్గర లేకపోతే సిగ్నల్ ఒకవైపు నలిగిపోతుంది. ఆ వోల్టేజీని సరిచేసే 100కె ట్రిమ్‌పాట్‌ని (తిప్పి మార్చుకునే చిన్న రెసిస్టర్) చిన్న స్క్రూడ్రైవర్‌తో మెల్లగా, వెంట్రుకవాసి చొప్పున తిప్పి 4.8కి తెచ్చాను. రెండో జెఫెట్ డ్రెయిన్ మాత్రం, దాని ట్రిమ్‌పాట్ దాదాపు చివరికి వెళ్ళేదాకా 1 వోల్టు దాటలేదు. అసలైన జె201 అలా చేయదు, నకిలీ అనుకుంటున్నాను. వేరేది వేశాక కుదిరింది. తర్వాత మందపు ఇ తీగ మీటి, స్వరం సాఫీగా ఆరిపోయేదాకా చెవితో సరిచేశాను. ఒక జెఫెట్ డ్రెయిన్ 5.2 వోల్టుల దగ్గర ఆగింది.

జెఫెట్లు ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి, నా అంకెలు మీకు సరిపోకపోవచ్చు. ఓపాంప్ (ఆంప్లిఫయర్ చిప్) సర్క్యూట్లకు ఈ పద్ధతి వర్తించదు. కానీ టంకం ముట్టుకునే ముందు డ్రెయిన్ వోల్టేజీ చూడండి, దయచేసి.