ఖరీదైన ప్లెయిన్ చొక్కా కొనేముందు

లోగో ఉండదు, డిజైన్ ఉండదు, ధర మాత్రం 12,000 రూపాయలు. బెంగళూరు మాల్స్‌లో ఇలాంటి తెల్ల చొక్కా చేతిలో పట్టుకుని కొనాలా వద్దా అని తేల్చుకోలేకపోతుంటే, ట్రయల్ రూమ్‌లో దాన్ని తిరగేయండి. మొహమాటం అక్కర్లేదు, తలుపు వేసే ఉంటుంది! పక్క కుట్టులో ఒక అంగుళానికి ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కపెట్టండి. 15కు అటూ ఇటూ ఉంటే పనితనం ఉన్నట్టే. 8, 9 దగ్గరే ఆగితే డబ్బు బ్రాండ్ పేరుకే పోతోంది. తర్వాత కుట్టుకు రెండువైపులా పట్టుకుని మెల్లగా లాగండి. సందులో వెలుతురు కనిపిస్తే అక్కడే వదిలేయండి. లేబుల్ మీద ‘డ్రై క్లీన్ ఓన్లీ’ అని ఉంటే ఆ ఖర్చు కూడా ధరలో కలుపుకోవాల్సిందే. టీషర్టులకు, స్వెటర్లకు మాత్రం ఈ లెక్క పనికిరాదు, సాగే బట్టకు కుట్టే తీరే వేరు.