ఈత క్లాసు ఎండకి పాప మెడ కమలకుండా: నా అనుభవం

చెన్నైలో ఈ వేసవి ఈత క్లాసు నుంచి వచ్చిన ప్రతిసారీ మా ఆరేళ్ల పాప మెడ వెనక, చెవుల అంచులు ఎర్రగా కమిలిపోయేవి. రాత్రి దిండు తగిలితే చాలు, ఏడ్చేది. గంధం, కలబంద, టోపీ, నేను రాసుకునే క్రీము, అన్నీ అయ్యాయి.

చివరికి జింక్ ఆక్సైడ్ (ఎండని అడ్డుకునే తెల్లటి ఖనిజ పొడి) ఉన్న, నీళ్లకి తట్టుకునే ఎస్‌పీఎఫ్ 50 (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) సన్‌స్క్రీన్ క్రీము తెచ్చాను. బయల్దేరడానికి 20 నిమిషాల ముందే, ఈత బట్టలు వేయకముందు, జుట్టు పైకి ముడేసి మెడకి, చెవుల వెనక, పాదాల మీద తెల్లగా కనిపించేంత మందంగా రాశాను. అసలు కిటుకు తర్వాతిది: నీళ్లలోంచి రాగానే తువ్వాలుతో అద్ది, మళ్లీ రాశాను. తుడిస్తే క్రీమూ పోతుందని అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

3 వారాలుగా కమలలేదు. అదే వారం పొడుగు చేతుల ఈత చొక్కా కూడా మొదలుపెట్టాం గానీ, అది మెడని కప్పదు కదా, క్రీమే పనిచేసిందనుకుంటున్నాను. అందరి ఒంటికీ పడుతుందనలేను, ముందు మోచేతి లోపల కాస్త రాసి చూడండి. 6 నెలల లోపు పసివాళ్లకి క్రీము వద్దు, నీడలోనే ఉంచండి.