దూర ప్రయాణానికి ముందు పిల్లల కారు సీటు: వదులు ఎక్కడుందో వెతకండి

కొన్న రోజున కారు సీటును అందరూ శ్రద్ధగానే బిగిస్తారు. ఆ తర్వాత బిడ్డ పెరుగుతుంది. కవరు ఉతకడానికి ఒకసారి సీటు ఊడదీస్తారు, సామాను పెట్టుకోవడానికి ఇంకోసారి తీసి మళ్లీ పెడతారు. చూడ్డానికి అంతా మామూలుగానే ఉంటుంది గానీ బిగువు పోయి ఉంటుంది. అందుకే దూర ప్రయాణం ఉంటే, బయల్దేరే పొద్దున హడావుడిలో కాకుండా ముందురోజే సీటు మొత్తం విప్పి మొదటి నుంచీ బిగించండి. కారు మాన్యువల్, సీటు మాన్యువల్ రెండూ పక్కన ఉండాలి, ఒకదానిలో ఉన్నది రెండోదానిలో దొరకదు.

‘ఒళ్లో గట్టిగా పట్టుకుంటాంలే’ అనేవాళ్లు ఈ లెక్క చూడండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనులో పదో వంతులో ఆగిపోతే, లోపలున్న ప్రతిదీ తన బరువుకు దాదాపు 14 రెట్ల బలంతో ముందుకు దూసుకొస్తుంది. 10 కిలోల బిడ్డను పట్టుకోవడమంటే 140 కిలోలను చేతులతో ఆపడమే. ఎంత బలమైనవాళ్లకైనా అది కుదరదు. ఒకే బెల్టు ఇద్దరికీ పెట్టుకుంటే ఇంకా ముప్పు, పెద్దవాళ్ల బరువంతా బిడ్డ మీదే పడుతుంది.

ముందుగా సీటు ఎటు తిరిగి ఉండాలో తేల్చుకోండి. పసిపిల్లల తల ఒంటితో పోలిస్తే బాగా బరువు, మెడ ఎముకలు ఇంకా గట్టిపడి ఉండవు. కారు వెనక్కి చూసేలా కూర్చోబెడితే దెబ్బ తాకిడి వీపు, మెడ, తల అంతటా పంచుకుపోతుంది. ముందుకు చూసేలా ఉంటే ఒళ్లు పట్టీల దగ్గర ఆగిపోయి తల ఒక్కటే ముందుకు లాగేస్తుంది. ఐ-సైజ్ (బిడ్డ ఎత్తును బట్టి ఎంచుకునే యూరప్ ప్రమాణం) సీట్లలో 15 నెలలు నిండేదాకా వెనక్కి చూడటం నియమమే. కానీ అక్కడితో ఆపకండి, ఆ సీటుకు చెప్పిన ఎత్తు, బరువు పరిమితి దాటేదాకా అలాగే ఉంచండి. కాళ్లు ముడుచుకున్నాయని తొందరపడి తిప్పేసేవాళ్లు చాలామంది. కాళ్లు ముడుచుకుంటే పిల్లలకు ఇబ్బందేమీ లేదు. చూడాల్సింది తల: సీటు పై అంచుకు కనీసం 2.5 సెంటీమీటర్ల కిందే ఉండాలి.

వెనక్కి చూసే సీటును, పనిచేసే ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీటులో ఎప్పుడూ పెట్టకూడదు. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునేది సరిగ్గా బిడ్డ తల వెనకున్న సీటు పెంకు మీదికే.

ఇక బిగింపు. ఐసోఫిక్స్ కొక్కేలైనా (పిల్లల సీటును నేరుగా కారు చట్రానికి తగిలించేవి) వాడాలి, కారు బెల్టైనా వాడాలి. మాన్యువల్ చెప్పనిదే రెండూ కలిపి వాడొద్దు. ఐసోఫిక్స్ అయితే రెండు వైపులా గుర్తు ఆకుపచ్చగా మారిందా చూసి, ఓసారి గట్టిగా లాగండి. బెల్టుతో అయితే సీటు మీద మోకాలు లేదా చెయ్యి ఆనించి బలంగా అదిమి, ఆ ఒత్తిడి వదలకుండానే బెల్టు లాగి లాక్ చేయాలి. తర్వాత బెల్టు దూరే చోట పట్టుకుని అటూ ఇటూ ఊపండి. 2.5 సెంటీమీటర్ల కంటే ఎక్కువ కదలకూడదు. పైభాగం పట్టుకుని ఊపి ‘కదులుతోందే’ అని కంగారు పడొద్దు, వెనక్కి చూసే సీట్లకు పైన కొంత కదలిక సహజం.

ముందుకు చూసే సీటుకు టాప్ టెథర్ ఉంటే, అంటే సీటు పైభాగాన్ని కారుకు కట్టే పట్టీ ఉంటే, దాన్ని తప్పక తగిలించండి. చాలామంది వదిలేసేది ఇదే. అది లేకపోతే బిడ్డ తల ఇంకా ముందుకు వెళ్లి ముందు సీటును తాకవచ్చు. డిక్కీలో సామాను కట్టే కొక్కేన్ని టెథర్ కొక్కెం అనుకునే పొరపాటూ జరుగుతుంటుంది, కారు మాన్యువల్‌లో చోటు చూసుకోండి. నేలకు ఆనే సపోర్ట్ లెగ్ ఉన్న సీటైతే, ఆ కాలి కింద సామాను పెట్టుకునే అర ఉందేమో చూడండి. బోలు మూత మీద ఆనితే ఆ కాలు ఉన్నా లేనట్టే.

సీటు కదలకపోతే సరిపోదు, బిడ్డ సీటులో కదలకూడదు. పట్టీలు వెనక్కి చూసే సీటులో భుజాల ఎత్తులో లేదా కాస్త కిందనుంచి, ముందుకు చూసే సీటులో భుజాల ఎత్తులో లేదా కాస్త పైనుంచి రావాలి. బకిల్ పెట్టాక ముందు తొడల దగ్గరి వదులును పైకి లాగండి, ఆ తర్వాతే సీటు ముందు వేలాడే పట్టీ తోక లాగి బిగించండి. ఈ వరస తప్పితే భుజాల దగ్గర బిగువుగా అనిపించినా నడుము దగ్గర వదులు మిగిలిపోతుంది. ఇప్పుడు గూడ ఎముక (కాలర్ బోన్) దగ్గర పట్టీని బొటనవేలు, చూపుడువేలుతో నిలువుగా గిల్లి చూడండి. మడత చేతికి చిక్కితే ఇంకా వదులుగా ఉన్నట్టు. వేళ్లు జారిపోతే సరిపోయినట్టు. ఛాతీ క్లిప్ ఉంటే అది చంకల ఎత్తులో ఉండాలి, పొట్ట మీదికి జారకూడదు. పట్టీ ఎక్కడైనా మెలి తిరిగితే విప్పి సరిచేయండి, మెలి తిరిగిన పట్టీ తాడులా ఒకేచోట కోసుకుంటుంది.

దళసరి కోటు తొడిగి బిగిస్తే ఎంత తేడా వస్తుందో ఇంట్లోనే తెలుస్తుంది. కోటుతో కూర్చోబెట్టి బిగించండి. పట్టీలు సడలించకుండా బకిల్ తీసి, కోటు విప్పి, అదే బిగింపులో మళ్లీ పెట్టి చూడండి. పట్టీల కింద కనిపించే ఖాళీయే, గుద్దుకున్నప్పుడు కోటు నలిగి మిగిల్చే ఖాళీ. పలచటి బట్టలతో బిగించి, పైన దుప్పటి కప్పండి.

నెలల పిల్లలకు ఇంకో సంగతి. సీటు మరీ నిటారుగా ఉంటే తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనుతుంది, ఊపిరి దారి నొక్కుకుపోతుంది. వాలు చూపించే గుర్తు ప్రకారం సర్దండి. రెండు గంటలకోసారి ఆపి బిడ్డను బయటికి తీసి పడుకోబెట్టండి. సీటుతో రాని తలదిండ్లు, పట్టీ తొడుగులు వాడొద్దు.

బూస్టర్ (కారు బెల్టు సరిగ్గా పడేలా పిల్లల్ని ఎత్తులో కూర్చోబెట్టే సీటు) వయసు పిల్లలకు నడుము బెల్టు తొడల మీద, తుంటి ఎముకలకు ఆని ఉండాలి, పొట్ట మీద కాదు. భుజం బెల్టు మెడకూ చేతికీ మధ్య నుంచి రావాలి. మెడకు ఒరుసుకుంటోందని చంక కిందికో వీపు వెనక్కో తోసేస్తారు, అలా అస్సలు వద్దు. సాధారణంగా ఎత్తు 145 సెంటీమీటర్ల దరిదాపుల్లోకి వచ్చేదాకా బూస్టర్ కావాలి.

ప్రమాదంలో ఉన్న సీటు, చరిత్ర తెలియని పాత సీటు, గడువు దాటిన సీటు వాడకండి. పట్టీలను డిటర్జెంట్‌లో నానబెట్టొద్దు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. బకిల్‌లో బిస్కెట్ పొడి ఇరుక్కుంటే సరిగా పడదు, ‘క్లిక్’ మని వినిపించాకే బండి కదపండి.

దారిలో ఆపిన ప్రతిసారీ బిడ్డను మీతోపాటు దింపండి, ఒక్క నిమిషానికైనా మూసిన కారులో వదలొద్దు. పిల్లల ఒళ్లు పెద్దవాళ్ల ఒంటి కంటే 3 నుంచి 5 రెట్లు వేగంగా వేడెక్కుతుంది. మళ్లీ ఎక్కించేటప్పుడు ఎండకు కాలిన బకిల్ లోహాన్ని ముందు మీ చేతికి ఆనించి చూసి, పట్టీలు బిగించి, గూడ దగ్గర మరోసారి గిల్లి చూడండి.